ఉసిరి చెట్టు హద్దు

పదకొండింటికి సర్వేయరు వస్తాడు. పక్కింటి మాలకొండయ్యతో ఉన్న మూడు గజాల తగువు ఇవాళ్టితో తెగిపోవాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే శీనయ్య పొద్దున్నే లేచి ఆవు దగ్గర కూర్చున్నాడు. పాలు సగం చెంబే వచ్చాయి.

"మాలకొండయ్యే పిండుకోని పోయినాడు," అన్నాడు. భార్య పోయినప్పటి నుంచి ఇంట్లో ఏది తగ్గినా ఆయన చెప్పే పేరు అదే.

ఆత్మకూరులో టీచరుగా చేసే కూతురు సుకుమారి జడ వేసుకుంటూ నవ్వింది. "నెల్లూరికా పేరు ఎట్టా వచ్చిందో తెలుసా నాయనా? నెల్లి చెట్టంటే ఉసిరి చెట్టే. దాని కింద రాయి మీద ఒక ఆవు రోజూ తనంతట తనే పాలు కార్చేదంట. రాజు చూసి గుడి కట్టించినాడంట. మన ఆవుని కట్టేసింది కూడా ఉసిరి చెట్టుకే గదా? కింద రాయి కూడా ఉండాది."

"అది నేను గుడ్డలుతికే రాయి."

సుకుమారి ఏడింటి బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ మాటలు మాత్రం గోడవతల ఊడుస్తున్న గురవమ్మ దగ్గర ఉండిపోయాయి. ఎనిమిదింటికల్లా ఆరుగురు ఆడవాళ్లు పసుపు కుంకుమలతో దొడ్లో ఉన్నారు. రాయి మీదున్న శీనయ్య లుంగీని గురవమ్మ భక్తిగా తీసి పక్కన పెట్టి, రాయికి పసుపు పూసింది.

వెనకే మాలకొండయ్య వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ.

శీనయ్యకు అంతా తెలిసిపోయింది. ముందు పాలు, తర్వాత పసుపు, ఇప్పుడు కొబ్బరికాయ. రేపు గుడి. గుడి లేచాక జాగా ఎవరిది?

"నా దొడ్లో గుడి కడతావంట్రా?"

"గుడేంది? చట్నీకి కాయ తెచ్చుకుంటా, జనాన్ని చూసి వచ్చినా."

"చెట్టుంటే గదా గుడి!"

శీనయ్య ఆవును విప్పి పక్క గుంజకు కట్టి, రంపం తెచ్చాడు. అడ్డం వచ్చిన గురవమ్మని "ఎగస్పార్టీ దానా, పో!" అని గేటు దాకా తరిమాడు. చెట్టు కూలింది. మొదలు మిగిలితే దానికి కూడా పసుపు పూస్తారని, రోడ్డు పని చేస్తున్న జేసీబీని పిలిచి పెకలింపించాడు. గుంత పూడ్పించి, దొడ్డంతా చదును చేయించాడు. రాయి ఒక్కటి మిగిలింది. ఉతుక్కోవాలి గదా.

పదకొండింటికి సర్వేయరు పాత దస్తావేజు విప్పాడు. "తూర్పు హద్దు, ఉసిరి చెట్టు. ఎక్కడుంది?"

శీనయ్య పోయి రాయి పక్కన నిలబడ్డాడు. "ఇక్కడే సార్, ఈ రాయి పక్కన. పొద్దున దాకా ఉండింది."

మాలకొండయ్య చదునైన నేలను చూశాడు. అప్పటిదాకా అతనికి ఏ ఆలోచనా లేదు. ఇప్పుడొచ్చింది. మూడు గజాలు ఇవతలికి నడిచి, శీనయ్య జాగాలో నిలబడ్డాడు. "ఇక్కడుండింది సార్."

సర్వేయరు గేటు దగ్గరున్న గురవమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చూశావామ్మా?"

గురవమ్మ శీనయ్యను కిందినుంచి పైదాకా చూసింది. "మాలకొండయ్యన్న నిలబడినాడే, అక్కడే సార్."

మిగతా అయిదుగురూ తలలూపారు. సర్వేయరు అక్కడే హద్దురాయి పాతించాడు.

వాళ్లంతా గొడవలో ఉండగా దూడ పలుపు తప్పించుకుని, రోజూలాగే తల్లి దగ్గరికి వెళ్లి మిగిలిన పాలు తాగింది.

గుడి రాలేదు. శీనయ్య మాత్రం లుంగీ ఉతుక్కోవాలంటే ఇప్పుడు మాలకొండయ్యను అడగాలి.