కళ్ళజోడు వెతికిపెట్టే యాంటెన్నా

ఫిబ్రవరి పంతొమ్మిదో తారీకు. ఆ పూట తిన్నది మాడిన బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు. మా ఇంట్లో మనుషులకు ఒకరితో ఒకరు మాట్లాడే బాధ తప్పింది ఆ రోజే!

అతిశయోక్తి అనుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి యాంటెన్నాల ఇంజినీరు. యాంటెన్నా అనగానే డాబా మీది అల్యూమినియం కడ్డీలు గుర్తొచ్చాయంటే మీరు నా వయసువారే. ఇప్పటిది పలచని పలక మీద రాగితో అచ్చువేసిన చిన్న బొమ్మ. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటారు. దీన్ని ఏ వస్తువుకు అంటిస్తే ఆ వస్తువు ఇంట్లో ఎక్కడుందో జానెడు తేడాలో ఫోనుకు చెప్పేస్తుంది.

ఆమె పోస్టల్ స్టాంపంత చేసి చూపిస్తే మేనేజరు బాగుంది, ఇంకా చిన్నది చెయ్యమన్నాడట. వేలిగోరంత చేస్తే మళ్ళీ అదే మాట. అసలు లేకుండానే పనిచేసే యాంటెన్నా ఆయనకు కావాలని నా అనుమానం. చిన్నదయ్యేకొద్దీ కింది ఫ్రీక్వెన్సీలు చేజారిపోతాయట. వాటిని రప్పించడానికి పాపం, రాగిలో ఇక్కడో గాటు, అక్కడో మెలిక పెట్టుకుంటూ కూర్చునేది.

తరంగాలు గోడలకు తగిలి వెనక్కి రాకుండా స్పాంజి అతికించిన ల్యాబులో బంగారంలా పనిచేసిందట. మనిషి జేబులో వేస్తే మూగబోయింది! మన ఒళ్ళు సగానికి పైగా నీళ్ళే కదా, తరంగాలను మింగేస్తుంది. పరీక్షకు ఒక ఒళ్ళు కావాలి. రిటైరైన నాది ఖాళీగా ఉంది. సాయంత్రాలు దాన్ని జేబులో వేసుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగాను.

"కొంచెం అటు తిరుగు నాన్నా. ఊపిరి బిగబట్టక్కర్లేదు."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్నెవరైనా ఇంత శ్రద్ధగా చూశారా?

పంతొమ్మిదిన అది నా ఒంటిని జయించింది. స్క్రీను మీద సిగ్నల్ గీత పడిపోకుండా నిలవడం చూసిన సంతోషంలో అమ్మాయి పొయ్యి మీది బ్రెడ్డు మరిచిపోయింది. అలా నెగ్గిన మొదటి యాంటెన్నాను నా కళ్ళజోడు పెట్టెకు అంటించింది.

ఎంత సుఖం! ఇదివరకు "నా కళ్ళజోడేదీ?" అంటే, మా ఆవిడ పొయ్యి ముందు నుంచి వెనక్కి తిరక్కుండానే "బాత్రూంలో చూశారా?" అనేది. ఆ తర్వాత పేపరు ఎక్కడ చదివారనేది. అక్కడ్నించి పేపర్లో వార్తకు, వార్త మీదుగా మా బావమరిది కొత్త వ్యాపారానికి వెళ్ళేవాళ్ళం. కళ్ళజోడు దొరికేసరికి పాలు పొంగిపోయేవి. ఎంత కాలం వృథా! ఆ వృథాలోనే సంసారమంతా గడిచిపోయింది.

ఇప్పుడో? ఫోను నొక్కితే బాణం, "రెండు మీటర్లు". ఎవర్నీ అడగక్కర్లేదు. ఎదురింటాయనకు తాళాల కోసం ఒక నమూనా ఇచ్చాం. వారం రోజులుగా ఇంట్లో ఒక్క గొడవ లేదండీ అని మురిసిపోయాడు. లేనిది గొడవ ఒక్కటేనా అని నేను అడగలేదు. ఇక భర్తలకు కూడా అంటిస్తే సరి. "సోఫాలో, మూడు మీటర్లు" అని తెలిశాక పలకరింపు దేనికి?

పరీక్షలు అయిపోయాయి కాబట్టి నన్ను అటు తిరగమనేవాళ్ళూ లేరు. ప్రశాంతత అంటే ఇదే కదా!

నిన్న మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. పడుకోబోయే ముందు నా కళ్ళజోడు పెట్టెను తీసుకెళ్ళి చెప్పుల బీరువాలో పెట్టాను. హాల్లోకొచ్చి, కళ్ళజోడు కనపడటం లేదన్నాను.

అమ్మాయి ఫోను తీసింది. బాణం నేరుగా చెప్పుల బీరువా వైపు చూపిస్తోంది. అంత పెద్ద బాణం, కళ్ళజోడు లేకపోయినా నాకు కనిపించింది. అమ్మాయి దాన్ని చూసింది, నన్ను చూసింది. ఫోను బోర్లా పెట్టింది.

"బాత్రూంలో చూశావా నాన్నా?"

ఇద్దరం బాత్రూంలో చూశాం. వంటింట్లో చూశాం. మంచం కిందికి వంగి చూస్తూ, మేనేజరు ఇంకా చిన్నది చెయ్యమంటున్నాడని చెప్పింది.

"నెమ్మదిగా చెయ్యమ్మా. నా ఒళ్ళు ఖాళీగానే ఉంది" అన్నాను.

చివరికి తనే వెళ్ళి పెట్టె తెచ్చి నా తలగడ పక్కన పెట్టింది. ఎక్కడ దొరికిందో చెప్పలేదు. లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.