చుట్టం కాని మోటారు

తెల్లారి కాఫీ తాగుతూ రంగరాజులు పెట్టుకున్న పని చాలా చిన్నది. పంచాయతీ బోరు మోటారు కాలిపోయింది. గుడియాత్తం పోయి, మూడు దుకాణాల్లో మూడు కొటేషన్లు రాయించుకుని, సంగటి వేళకు ఇల్లు చేరాలి. పంచాయతీ ప్రెసిడెంటు ఆయన భార్య భారతమ్మ. కుర్చీ ఆమెది, తిరుగుడు ఈయనది. అప్పటికే ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి ఆమె వాకిట్లో వరసగా పెట్టి పోయారు. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

కొటేషన్లయితే వచ్చాయి. బ్లాకాఫీసు గుమాస్తా రాజ్‌మోహన్ వాటిని చూసి, ప్రెసిడెంటు చుట్టాల దగ్గర పంచాయతీ ఏదీ కొనకూడదని రూలుందన్నాడు. మొదటి దుకాణం భారతమ్మ తమ్ముడిది. రెండోది చిన్నాయనది. మూడో ఆయన ఎవరో పరాయివాడే గానీ, బోండా తిని చెయ్యి కడుక్కునేలోపు పిన్నమ్మ కొడుకయ్యాడు. తప్పు రంగరాజులుదే. అరవదేశంలో తెలుగు మాట చెవిన పడితే ఇంటిపేరు అడక్కుండా ఉండలేడు. అడిగితే చుట్టరికం దొరక్కుండా పోదు.

ఆంబూరు పోయాడు. అక్కడ మోటార్లమ్మే మనిషి బిరియానీ పెట్టించి మరీ మామా అన్నాడు. వేలూరు పోయాడు. అక్కడ మేనత్త మనవడు తేలాడు. మోటారు దొరకలేదు గానీ చుట్టాలకు కొదవ లేదు. వాకిట్లో బిందెలు వీధి మలుపు దాకా పాకాయి.

చివరికి రాజ్‌మోహనే దారి చూపాడు. ఒక మున్సిపాలిటీ టెండరు పిలిచి మోటార్లకు ధర ఖాయం చేసుకుంది. ఆ ఒప్పందంలో పంచాయతీలూ చేరి, అదే ధరకు అదే మనిషి దగ్గర కొనుక్కోవచ్చు. ఆ మనిషి తొరపాడిలో ఉండే సుజిత్. రంగరాజులు తెలుగు మాట్లాడనని ఒట్టు పెట్టుకుని బస్సెక్కాడు. అన్నీ అరవంలోనే ముగించాడు. ఊరు అడగలేదు, తాత పేరు అడగలేదు. చుట్టం కాని మనిషిని చూసి అంత సంతోషపడటం ఆయనకు అదే మొదలు.

మోటారు వచ్చింది. సరుకు చూసి సంతకం పెట్టడానికి రాజ్‌మోహనూ వచ్చాడు. మోటారు బోరులో సగం దిగాక, పైపు జారి సుజిత్ కాలి మీద పడింది.

"ఓరి నాయనో, సచ్చినాను," అన్నాడు సుజిత్, చక్కటి తెలుగులో.

రంగరాజులు వినపడనట్టు ఆకాశం చూశాడు. భారతమ్మకు బాగానే వినపడింది. రూలు ఆమెకూ తెలుసు. అడగకుండా ఉండటమే తెలీదు.

"మనోళ్ళేనా నాయనా? యా ఊరు?"

"ఏమే, లోపల పాలు పొంగతా ఉండాయి, పో," అన్నాడు రంగరాజులు.

"మనింట్లో పాలు యాడుండాయి? నువ్వు చెప్పు నాయనా."

"ఆలంగాయమమ్మా. సుబ్బరాయులు కూతురి కొడుకుని."

"సుబ్బరాయులా? ఈయనకి పెదనాయన కదప్పా! ఇదో, నీ మేనమామ నీ పక్కనే నిలబడుకోని ఉండాడు. పెండ్లయిందా?"

కాలేదన్నాడు సుజిత్.

రంగరాజులు బోరు వైపు ఒకసారి, బిందెల వైపు ఒకసారి చూశాడు. మోటారు పైకి లాగమంటే బిందెలవాళ్ళు తననే బోరులో దించుతారు. రాజ్‌మోహన్‌కు తెలుగు రాదన్నదొక్కటే ఆశ.

"మా అమ్మది చిత్తూరు పక్క. అంతా అర్థమయింది," అన్నాడు రాజ్‌మోహన్.

భారతమ్మ అతని ఇంటిపేరు అడగబోయింది. రంగరాజులు ఆమె నోటికి తువ్వాలు అడ్డం పెట్టాడు.

"టెండరు పిలిచింది మున్సిపాలిటీ," అన్నాడు రాజ్‌మోహన్ తాపీగా. "చుట్టరికం చూసుకోవాల్సింది వాళ్ళు. మనిషిని మీరు ఎంచలేదు కదా. దించండప్పా."

నీళ్ళు పడ్డాయి. బిందెలు కదిలాయి. దెబ్బకు పసుపు పెట్టమని భారతమ్మ తన కూతురు నివేదితను పిలిచింది. కట్టు కట్టడానికి ఆ పిల్ల కావలసినదానికన్నా ఎక్కువసేపే తీసుకుంది. సుజిత్ కూడా తొందరపెట్టలేదు.

రాజ్‌మోహన్ సంతకం పెడుతూ అటు చూశాడు. "పాత చుట్టరికం పరవాలేదమ్మా. కొత్తది మాత్రం ఈ బిల్లు పాసయ్యేదాకా వద్దు," అన్నాడు.

ఆ మరునాటి నుంచి, బిల్లు ఏమయిందని బ్లాకాఫీసు చుట్టూ తిరుగుతున్నది సుజిత్ కాదు, భారతమ్మ.