గోపమ్మకు జరిగిన సేవ

ఆ శుక్రవారం పొద్దున అబ్రహాము సారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటల బస్సుకు బడుల ఇన్‌స్పెక్టరు దిగుతాడు. ఆలోపల అయిదో తరగతి పిల్లలు ముప్పై ఇద్దరూ ఊళ్లో తలా ఒకరికి సేవ చేసి, చేయించుకున్నవాళ్ల వేలిముద్ర నోటుపుస్తకంలో వేయించుకొస్తారు. అవి చూసి ఇన్‌స్పెక్టరు మురిసిపోయి ఆరో తరగతి మంజూరు చేస్తాడు.

ఆ ఊరి బడి అయిదుతో సరి. ఆపైన చదవాలంటే నాలుగు మైళ్లు నడిచి మొయినాబాద్ పోవాలి. మగపిల్లలు పోయేవాళ్లు, ఆడపిల్లలు కలుపు తీయడానికి పోయేవాళ్లు. తరగతిలో అందరికన్నా చురుకైన నీలమ్మకు ఇదే ఆఖరి ఏడాది. ఆ సంగతి తలుచుకుంటే సారుకు ముద్ద దిగేది కాదు. "బడి వల్ల ఊరికి ఏం ఉపకారమో చూపించండి, తరువాత ఆలోచిద్దాం" అని ఇన్‌స్పెక్టరు కార్డు రాశాడు.

"ఎవలికైనా చెయ్యొచ్చా సారూ?" అని నీలమ్మ అడిగింది.

"ఎవలికైనా చెయ్యిండ్రి. ముద్ర మాత్రం మర్వద్దు."

సారే ఒకటి మరిచాడు. అవి జొన్నకోతల రోజులు. తెల్లవారేసరికే ఊరు ఊరంతా చేన్లకు పోయింది. రోడ్డు మీది దుకాణాల వాళ్లను వదిలేస్తే, వేలిముద్ర వేయగల మనిషి ఊళ్లో మిగిలింది గోపమ్మ ఒక్కతే. డెబ్బై దాటిన ముసలమ్మ, మోకాళ్ల నొప్పులతో గడప దాటదు.

ముప్పై ఇద్దరూ ఆ ఒక్క బొటనవేలి మీద పడ్డారు. నలుగురు నీళ్లు మోశారు. తొట్టి నిండి పొర్లినా ఆపలేదు. ఆరుగురు వాకిలి ఊడ్చారు. ఊడ్చిన వాకిలినే ఇంకో ఆరుగురు ఊడ్చారు. గోపమ్మను లేపి మంచాన్ని బయట పడేసి నల్లులు దులిపారు, పరుపూ బొంతా గోడ మీద ఆరేశారు. పాపం, నీలమ్మకు పని మిగల్లేదు. అవ్వకు తలకు పోద్దామని ఇంటిముందర మూడు రాళ్లు పెట్టి, మంట వేసి, కడవెడు నీళ్లు కాగబెట్టింది.

"ఓరి మీ పాడుగాను! నన్ను జరసేపు కూసోనియ్యరా?" అని గోపమ్మ మొత్తుకున్నది.

పాలు పోసే మల్లేశ్ సైకిలు మీద పోతూ అప్పుడే అటు చూశాడు. ఇంటిముందర మంట, మంట మీద కడవ, బయటపడ్డ మంచం, వాకిట్లో గుంపు. ఇంకేం చెప్పాలి! నేరుగా రోడ్డు మీదికి పోయి, గోపమ్మ పోయిందని దుకాణం బాల్‌రాజ్‌కు చెప్పాడు.

"అయ్యో, నిన్ననే ఆకు వక్కలు తీస్కపోయె గదనే!" అని బాల్‌రాజ్ కళ్లొత్తుకుని దుకాణం మూశాడు. పెద్దమనిషి పోతే మర్యాద కదా, పక్కన చాయ్ హోటలూ మూసేశారు.

అది అరవైతొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నంలో విద్యార్థులు రోడ్ల మీద ఉన్న రోజులు. మూసిన దుకాణాలు కనిపిస్తే బస్సు డ్రైవర్లు కారణం అడిగేవాళ్లు కాదు. పది గంటల బస్సు దూరం నుంచే ఆ రెంటినీ చూసి, "బంద్!" అని వచ్చినదారినే తిరిగిపోయింది.

మల్లేశ్ బడికి వచ్చి రెండు కబుర్లూ ఒకేసారి చెప్పాడు. "గోపమ్మ అవ్వ సచ్చిపోయింది సార్. బస్సు గూడ మర్లిపోయింది."

సారుకు మొదట బస్సే గుర్తొచ్చింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "నేనే సంపిన తండ్రీ, పోరగాండ్లను తోలి నేనే సంపిన" అనుకుంటూ పరుగెత్తాడు.

అప్పటికే కబురు చేన్లకు అందింది. కొడవళ్లు చేతపట్టుకునే ఊరు తిరిగి వచ్చింది. కోడలు కౌసల్యమ్మ మంచం కోడు పట్టుకుని, "మమ్ముల నిడిసిపోతివా అత్తా!" అని శోకం తీస్తున్నది. మంచం మీద ఎవరూ లేరు.

"అవ్వ ఏదే?" అని సారు నీలమ్మను అడిగాడు.

"ఏమో సారూ, నీళ్లు కాగినయి. అవ్వే దొరుకుతలేదు."

ఇల్లు వెతికారు, కొట్టం వెతికారు. పెరటి తలుపు తీసి ఉన్నది. అక్కడి నుంచి ఊరంతా గాలించుకుంటూ గుంపు చివరికి బడికి చేరింది.

సారు కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. బస్సువాడు దించిపోతే మైలు దూరం నడిచాడు. మోకాళ్ల దాకా దుమ్ము. ఎదురుగా బెంచీ మీద గోపమ్మ. ఆ పూట పిల్లలు లేని చోటు బడి ఒక్కటేనని పెరటి దారిన పారిపోయి వచ్చింది.

"పని లేక నా పానం తీస్తున్నరు సారూ!" అని చెబుతున్నది. "అయిదో తరగతి సాల్తలేదు ఈళ్లకు. జర ఇంకో తరగతి పెట్టు. పొద్దుగూకేదాక ఈళ్లు ఈన్నే ఉండాలె. లేకుంటె మల్ల నా మీదికే వస్తరు."

ఇన్‌స్పెక్టరు తలెత్తి గుంపును చూశాడు. కొడవళ్లు, చీపుళ్లు, కౌసల్యమ్మ చెంపల మీద కన్నీళ్లు.

"కోతలు వదిలేసి ఇంతమంది ఆరో తరగతి కోసమే వచ్చారా?" అని అడిగాడు.

అబ్రహాము సారు పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. ఆ రోజూ ఆడలేదు. నోరు విప్పలేదు, అంతే.

అక్కడికక్కడే దరఖాస్తు రాశారు. మొదటి వేలిముద్ర గోపమ్మదే. సిరా ఆరకముందే పిల్లలు ముప్పై రెండు పుస్తకాలతో వరుస కట్టారు.

జూన్‌లో ఆరో తరగతి తెరిచారు. నీలమ్మ ముందు వరుసలో కూర్చున్నది. నెలకోసారి సేవ కూడా మానకుండా సాగింది; ఆ రోజు మాత్రం ఊళ్లో అందరికన్నా ముందు చేనుకు పోయేది మోకాళ్ల నొప్పుల గోపమ్మే.