పటపట బండికి కిత్తనార మోకు

ఆనందం మాస్టరు ఏ పని చేసినా ముందు ప్రార్థన చేసేవాడు, తర్వాత భార్యతో చెప్పేవాడు. ఈ ఒక్క పనికి మాత్రం ప్రార్థన చేసి ఊరుకున్నాడు. దేవుడైతే అడ్డు ప్రశ్నలు వెయ్యడని ఆయన ధీమా.

పని ఏమిటంటే, ఈసారి చర్చిలో పంట కానుకలిచ్చే కోత పండుగకు అత్తగారి ఊళ్ళోకి మోటారు సైకిలు మీద పోవాలి.

కర్నూలు పక్కన కల్లూరులో మిషను బడికి ఆయన హెడ్మాస్టరు. యుద్ధం ముగిసిన మరుసటేడు మిషను దొరగారు సొంత దేశానికి వెళ్ళిపోతూ, తొమ్మిదేళ్ళు తనకు తెలుగు చెప్పిన మాస్టరుకు గురుదక్షిణగా తన మోటారు సైకిలు ఇచ్చి పోయాడు. దొరకు తెలుగు ఎంత వచ్చిందో మాస్టరుకు మోటారు సైకిలు అంతే వచ్చింది. మొదటి రోజు ఎక్కడం నేర్పాడు దొర. రెండో రోజు కదిలించడం. మూడో రోజు తిన్నగా పోవడం. ఆపడం నాలుగో రోజు పాఠం. నాలుగో రోజు దొర బొంబాయి రైలెక్కాడు.

అప్పటినుంచి మాస్టరు బండి ఎక్కితే బడి గోడకు తగిలాక దిగేవాడు. గోడ లేని చోట ఎక్కేవాడు కాదు.

అంత భయస్థుడికి ఈ సరదా ఎందుకంటారా? దానికి పన్నెండేళ్ళ చరిత్ర ఉంది. పెళ్ళయిన కొత్తలో అల్లుణ్ణి తీసుకురావడానికి బావమరిది ఏసురాజు పందెపు ఎద్దుల్ని బండికి కట్టుకొని ఎదురు వచ్చాడు. ఎద్దులు పరుగు అందుకున్నాయి. కొత్త పెళ్ళికొడుకు "ప్రభువా!" అని ఒక్క కేక పెట్టి బండిలోంచి దూకేసి, మిగిలిన రెండు మైళ్ళూ నడిచి వచ్చాడు. ఆ సాయంత్రానికే గువ్వలకుంట ఊరంతా ఆయనకు 'నడకల అల్లుడు' అని పేరు పెట్టేసింది. ఏటా పండక్కి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, "నడిచే వచ్చినావా నాయనా?" అని పలకరించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు గానీ ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ ఊళ్ళోకి చక్రాల మీద దర్జాగా పోయి ఆ పేరు చెరిపేసుకోవాలని ఆయన కోరిక.

గువ్వలకుంట జమ్మలమడుగు దాటి గండికోట దారిలో ఉంది. కల్లూరు నుంచి తొంభై మైళ్ళు. అంత దూరం పోవడానికి రేషను పెట్రోలు చాలదు, దారిలో సరిపడా గోడలూ లేవు. అందుకని మాస్టరు ఉపాయం పన్నాడు. పెట్రోలు బదులు బొగ్గుల కుంపటితో నడిచే దస్తగిరి లారీ వేరుశెనక్కాయల మూటల కోసం గువ్వలకుంటకే ఖాళీగా పోతోంది. బండిని దాంట్లో ఎక్కించాలి. ఊరికి అర మైలు ఇవతల దించాలి. అక్కడినుంచి తొంభై మైళ్ళూ తోలుకొచ్చిన వాడిలాగా, ఒంటి మీద ఇంత దుమ్ము చల్లుకొని, పటపటమంటూ ఊళ్ళోకి దిగాలి. ఊరి దారి తిన్నగా పోయి చర్చి పక్కన గడ్డివామి దగ్గర ముగుస్తుంది. ఆపే సంగతి వామి చూసుకుంటుంది.

తెల్లారి దస్తగిరీ తనూ కలిసి బండిని పలక మీదుగా లారీలోకి తోస్తుంటే భార్య కృపమణి గడపలోకి వచ్చింది.

"ఏమయ్యా, దాన్నెందుకు లారీకి ఎక్కిస్తాండావు?"

"పండక్కి."

"అది గూడా కానుకలేస్తాదా?"

ఇక దాచి లాభం లేదని మాస్టరు ఉపాయమంతా చెప్పాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని మొత్తం విన్నది.

"ఆపేది వచ్చునా నీకు?"

"వామి ఉండాది గదా మణీ."

"వామికి అడ్డం మా అమ్మ కూర్చోనుంటే?"

మాస్టరు ఈ సంగతి ఆలోచించలేదు. "లేచి పక్కకు పోతాది లే," అన్నాడు.

"మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు."

"అయితే హారను కొడతా."

కృపమణి మరి మాట్లాడలేదు. లోపలికి పోయి పండక్కి కానుకగా పెట్టుకున్న నాలుగు గుమ్మడికాయలూ, కోళ్ళ గంపా, రెండు జొన్నల మూటలూ లారీకి చేర్పించింది. ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనని మాస్టరు సంబరపడ్డాడు. పన్నెండేళ్ళు కాపురం చేసినా ఆయనకు పట్టుబడని పాఠం అదొక్కటే.

ఇక బండిని కట్టాలి. దీనికి మాస్టరు ముందురోజే తయారయ్యాడు. కొత్త కిత్తనార మోకును నీళ్ళ తొట్లో నానేశాడు. మంచాలు అల్లేవాళ్ళు నులకను నానబెట్టడం ఆయన కళ్ళారా చూశాడు. నానిన తాడు మెత్తబడి చెప్పిన మాట వింటుందని ఆయన సిద్ధాంతం. బండిని స్టాండు వేసి లారీ నడిమధ్య నిలబెట్టి, ప్రభువు పన్నెండుమంది శిష్యుల పేర పన్నెండు ముళ్ళు వేశాడు. ఆ తర్వాత ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టాడు. తాడు పొట్టిదైనా ప్రార్థన మాత్రం చాలా పొడుగు వచ్చింది.

"ఐవారూ, ఇంక ఆమెన్ అనప్పా," అన్నాడు దస్తగిరి. "కుంపట్లో బొగ్గులు ఆరిపోతాండాయి."

కృపమణి ముందు సీట్లో దస్తగిరి పక్కన కూర్చుంది. మాస్టరు వెనకాల బండికి కాపలా కూర్చున్నాడు. లారీ పొగలు కక్కుతూ కదిలింది.

మార్చి నెల ఎండ. ఓర్వకల్లు బండలు కనబడే సరికే మోకు అప్పడంలా ఎండింది. ఎండిన తాడు వదులైంది. ప్రభువును పట్టిచ్చిన యూదా పేర వేసిన ముడి మొదట ఊడింది. మిగతా శిష్యులు వాడి వెంట పోయారు. లారీ ఒక గుంతలో దిగి లేచేసరికి మోటారు సైకిలు ఒక్కసారి ఒళ్ళు విరుచుకొని గుమ్మడికాయల మీద పవళించింది.

నాలుగింట్లో మూడు పగిలాయి. గంప బోర్లాపడి కోళ్ళు రోడ్డెక్కాయి.

"ఏం జరిగినాది?" అంటూ కృపమణి దిగి వచ్చింది.

"తాడు సరిగ్గా తడవలేదు మణీ. ఇంకా బాగా తడపాల్సింది."

ఆమె ఆయన వంక ఒక చూపు చూసి కోళ్ళ వెనక పరిగెత్తింది. అవి దొరికేలోగా మాస్టరు పక్క బావిలో మోకును ముంచి, ఈసారి ఇరవై నాలుగు ముళ్ళు వేశాడు. శిష్యులు చాలక ప్రవక్తల పేర్లు కూడా వాడుకున్నాడు. అప్పటికీ నమ్మకం కుదరక బండిని రెండు చేతులా వాటేసుకొని కూర్చున్నాడు.

బనగానపల్లె దాటాక తాడు మళ్ళీ ఎండింది. ఈసారి బండి గుమ్మడికాయ మీద పడలేదు. మాస్టరు మీద పడింది.

"దస్తగిరీ! సచ్చినానప్పా!"

దస్తగిరి లారీ ఆపి వెనక్కి వచ్చి చూస్తే, కింద మాస్టరు, పైన మోటారు సైకిలు, దాని కడుపులోంచి బొట్టు బొట్టుగా పెట్రోలు. దస్తగిరి నెత్తి బాదుకున్నాడు.

"యా అల్లా! ముందర నిప్పుల కుంపటి, ఎనకాల పెట్రోలు! ఐవారూ, నువ్వు అత్తగారింటికి పోతాండావా, నన్ను నేరుగా పైకి పంపిస్తాండావా?"

ఇద్దరూ కలిసి బండిని లేపి పెట్రోలు కుళాయి కట్టేశారు. మాస్టరు చొక్కా సగం చిరిగింది. మోచెయ్యి దోక్కుపోయింది. అన్నిటికన్నా కష్టమైన సంగతి, కృపమణి నవ్వడం లేదు. లారీ అంచు పట్టుకొని నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"దిగు," అంది.

"ఇంగొక్కసారి తడిపి..."

"తడిపి కట్టినావు. తడిసినప్పుడు కుంచించుకున్న తాడు ఎండినాక సాగక ఏం చేస్తాది? మన నులక మంచం వదులైతే నేనేం చేస్తా? అల్లిన మంచం మీద నీళ్ళు కొడతా. ఎండు తాడు కట్టి, కట్టినాక తడపాల. ఇది బడిలో చెప్పరు గానీ మా ఊర్లో చిన్నపిల్లోళ్ళకి గూడా తెలుసు. దిగు."

మాస్టరు దిగాడు. ఆమె కొంగు బిగించి లారీ ఎక్కింది.

చిన్నప్పుడు బండెడు వేరుశెనక్కట్టెను ఒంటిచేత్తో మోకేసి బిగించిన చేతులవి. మొదట స్టాండు తీసేసింది. "కుంటికాలు మీద నిలబెట్టి ఎవురన్నా కడతారా?" అంది. ముందు చక్రం పోయి లారీ ముందువైపు పలకకు ఆనేదాకా బండిని తోయించింది. అటొక జొన్నల మూట, ఇటొక జొన్నల మూట ఆనించింది. తర్వాత మాస్టరునూ దస్తగిరినీ చెరో వైపు నిలబెట్టి, బండి హ్యాండిలు కొమ్ముల్ని కిందికి అదమమంది. ముందు చక్రం పైనున్న స్ప్రింగు మూలుగుతూ అణిగింది. అది అణిగి ఉండగానే ఎండిన మోకును కొమ్ములకు చుట్టి రెండు మూలల ఇనుప కడియాలకు బిగించి, "ఇడవండి," అంది. వదిలితే స్ప్రింగు పైకి లేవాలని తన్నింది. లేవలేక తాడును తనే బిగించింది. బండి కదలమన్నా కదలదు.

ఆఖరుకు ఆమె కడవెడు నీళ్ళు తెచ్చి తాళ్ళ మీద పోసింది. మోకు కిరకిరమంది. మాస్టరు వేలితో మీటి చూస్తే తంబూరా తీగలా మోగింది.

"అమ్మా, నువ్వు మా లారీ యూనియనులో చేరమ్మా," అన్నాడు దస్తగిరి.

"మరి నేనో?" అన్నాడు మాస్టరు.

"నువ్వు ప్రార్థనలు చెయ్యి ఐవారూ. అయి బానే ఉండాయి."

అక్కడినుంచి దారంతా కృపమణి వెనకాలే కూర్చుంది. తాడు ఎండే లోపల చెంబెడు నీళ్ళు చిలకరిస్తూ, మధ్యలో మాస్టరు మోచేతికి పసుపు అద్దుతూ, సద్దిరొట్టె ముక్కలు ఆయన చేతిలో పెడుతూ వచ్చింది. బండి అంగుళమైనా కదలలేదు. మాస్టరు ప్రాణం హాయిగా ఉంది. ఇంత మంచి పెళ్ళాం ఎంతమందికి దొరుకుతుందని కూడా అనుకున్నాడు. పెన్న దాటేటప్పుడు ఇసుక చెలమలోంచి ఆమె రెండు కడవల నీళ్ళు తోడుకొచ్చి ముళ్ళన్నీ నానేటట్టు కుమ్మరించింది. ఎంత జాగ్రత్త మనిషో, అనుకున్నాడు ఆయన.

పొద్దు వాలుతుండగా గువ్వలకుంట అర మైలు ఉందనగా మాస్టరు లారీ ఆపించాడు. మొహానికి దుమ్ము రాసుకొని, చిరుగు కనబడకుండా కండువా వేసుకొని, తాడు విప్పబోయాడు.

రాలేదు.

లాగాడు. కొరికాడు. ఒక పన్ను కదిలింది గానీ ముడి కదలలేదు.

"మణీ, ఇప్పు."

ఆమె వంగి ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. "తడిసిన ముడి. బిర్రుగా పట్టేసినాది. ఎండేదాకా రాదు."

"ఎప్పుడెండుతాది?"

"రేపు పొద్దునకి."

"పండగ ఈ పొద్దు గదా! కత్తితో కోస్తే?"

"కొత్త మోకు కోస్తావా?" అని ఆమె గట్టిగా అడిగింది. కొత్త మోకును కొయ్యమని చెప్పే ధైర్యం రాయలసీమలో ఏ మగవాడికీ లేదు.

మాస్టరు బండి ఎక్కి సీటు మీద కూర్చొని, రెండు కాళ్ళూ పలకకు తన్నిపెట్టి, కొమ్ముల దగ్గరి ముడిని బలమంతా పెట్టి లాగసాగాడు. సరిగ్గా అప్పుడే కృపమణి లారీ పలక మీద రెండుసార్లు కొట్టింది. "పోనియ్యి దస్తగిరన్నా!"

లారీ కదిలింది. "ఆపు! ఆపు!" అన్న మాస్టరు కేక బొగ్గు ఇంజను మోతలో కలిసిపోయింది. దిగుదామంటే లారీ పోతోంది. దూకుదామంటే పన్నెండేళ్ళ కిందటి దూకుడు గుర్తొచ్చి కాలు ఆడలేదు.

ఊరి మొగదలకు వచ్చి దారి వైపు చూసేసరికి మాస్టరు ముడి వదిలేశాడు. ఆ ఏడు పంట బాగా పండి, కానుకలు చర్చి ఆవరణలో పట్టక దారి పొడవునా చాపలు పరిచారు. చాపల మీద జొన్న కంకులు, గంపలు, వాటి వెనక పసిబిడ్డల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు, కాళ్ళు చాపుకున్న ముసలమ్మలు. దారి ఈ చివర నుంచి వామి దాకా మనుషులే. తన బండి ఈ దారిన తిన్నగా వచ్చి ఉంటే! మాస్టరు బండి కొమ్ముల్ని గట్టిగా పట్టుకున్నాడు.

దస్తగిరి హారను కొడుతూ నెమ్మదిగా పోనిచ్చాడు. జనం లేచి చాపలు జరుపుకుంటూ, లారీ మీద బండి, బండి మీద అల్లుడు ఊరేగుతూ పోవడం నోరు తెరుచుకొని చూశారు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో గానీ ఊరంతా కొట్టింది. ఏం చెయ్యాలో తోచక మాస్టరు ఒక చెయ్యి పైకెత్తాడు.

చర్చి ముందర లారీ ఆగింది. అత్తగారు విశ్వాసమ్మ కర్ర ఊతంగా నడిచి వచ్చి బండినీ, తాళ్ళనూ, అల్లుణ్ణీ తేరిపార చూసింది.

"బండి గట్టిగా కట్టేసి, దాని మీద కూర్చొని, లారీలో వచ్చినావా నాయనా? ఎంత బుద్ధిమంతునివి! యాడ దాన్ని తోలుకొని వస్తావోనని నాకు శానా భయమైనాది."

ఏసురాజు ఎగిరి లారీ ఎక్కాడు. "బావా, ఏం బండి బావా! దించుదాం, అందరూ చూడాల."

"అది రేపటిదాకా రాదు. ముడి పట్టేసినాది," అన్నాడు మాస్టరు నీరసంగా.

కృపమణి జొన్నల మూట కిందికి చెయ్యి పెట్టి, అక్కడ దోపి ఉన్న మోకు కొస పట్టుకొని ఒక్క లాగు లాగింది. అది జారుముడి. కట్టంతా సర్రుమని ఊడి ఆమె కాళ్ళ దగ్గర కుప్ప పడింది. అణిగి ఉన్న స్ప్రింగు తన్ని లేచి, మాస్టరును సీటు మీద ఒక జానెడు ఎగరేసి దించింది.

మాస్టరు తాడు వంకా భార్య వంకా మార్చి మార్చి చూశాడు.

"ఎండేదాకా రాదంటివే?"

"ఊరి బయట రాదు," అంది కృపమణి, అన్న ఏసురాజుకు వినబడకుండా. "ఈడ వస్తాది."

ఆయన వెనక్కి తిరిగి దారి వంక చూశాడు. చాపల మీద తల్లులు మళ్ళీ సర్దుకొని కూర్చుంటున్నారు. ఒక పసివాడు దారి మధ్యకు పాకి వచ్చి జొన్న కంకి చీకుతున్నాడు. మాస్టరు కాసేపు ఆ పసివాణ్ణే చూసి, బండి దిగి, భార్య చేతిలోని మోకు అందుకున్నాడు.

"ఇట్లియ్యి," అన్నాడు మెల్లగా. "నేను చుడతా లే."