యాకయ్య ఊరికే మూసిన బెజ్జం

"చాయ్ పెడ్త. పక్కన నాలుగు మురుకులు పెడ్త. ఇగ మిషను ముచ్చట బంద్ జెయ్యిండ్రి," అని విజయలక్ష్మి పొద్దుటినుంచి మూడోసారి అన్నది.

"పెండ్లిల కాఫీ సల్లగిచ్చిన్రని ఎనిమిది నెలల సంది మన గడప తొక్కలే ఆయన. ఇయ్యాల చాయ్ పోసి పంపుదమా?" అన్నాడు రామలింగం. "మసిలే కాఫీ ఇయ్యాలె. నోరు కాలాలె!"

హనుమకొండలో బట్టల దుకాణం నడిపే రామలింగానికి వియ్యంకుడి నోటిమీద పగేమీ లేదు. కూతురు నిర్మల మొదటి బతుకమ్మకు పుట్టింటికి రావాలి. పంపవలసింది నర్సంపేటలో ఉన్న వియ్యంకుడు పాండురంగం. ఆయన ఇవాళ మార్కెట్టు పనిమీద వరంగల్లు వస్తూ, పదింటికి కాసేపు వచ్చిపోతానని కబురు చేశాడు.

మిషనంటే, రామలింగం తమ్ముడు బొంబాయి నుంచి తెచ్చిన ఎస్ప్రెసో యంత్రం. దాని బాయిలరు అడుగున కారడంతో నెలరోజులుగా అటకమీద ఉంది. కరెంటు మిస్త్రీలు మా వల్ల కాదన్నారు. చివరికి వీధి చివర గిన్నెలకు కళాయి వేసే యాకయ్య నిన్న దాన్ని విప్పి, నీళ్లు నింపి చూసి, మాటు వేశాడు. ముప్పై ఏళ్లలో తన చేతిమీదుగా కారే గిన్నె ఒక్కటీ పోలేదని అతని గర్వం.

తొమ్మిదిన్నరకే పాండురంగం వచ్చి పడసాలలో కూర్చున్నాడు. రామలింగం వంటింట్లో నీళ్లు పోసి, కాఫీపొడి గట్టిగా దట్టించి స్విచ్చి వేశాడు. ఇదివరకైతే మిషను రెండు నిమిషాలకే పాములా బుసకొట్టేది. ఇవాళ చప్పుడే లేదు.

"ఇంటున్నవా? సప్పుడే లేదు. గిదీ రిపేరంటె!"

"కాఫీ గూడ లేదు," అన్నది పక్కనే ఉన్న విజయలక్ష్మి.

"జర ఓపిక పట్టు. లోపల మసులుతాంది."

అప్పుడే యాకయ్య పెరటి వాకిట్లోంచి తొంగిచూశాడు.

"సేటూ, మంచిగ నడుస్తాందా? అడుగున్నదే గాదు, మీద మూతకాడ గూడ సన్నటి పొక్క ఉండె. మీరు జూడలేదు గావచ్చు. గది గూడ మూసిన. ఊరికెనే!"

రామలింగం ముఖం పాలిపోయింది. ఆవిరి ఎక్కువైతే బయటికి పోవడానికే ఆ బెజ్జమని తమ్ముడు పదిసార్లు చెప్పాడు. విజయలక్ష్మి స్విచ్చి ఆపేసి, మొగుణ్ని చొక్కా పట్టుకుని పెరట్లోకి లాగింది.

ఢామ్మని పేలింది. మూత పైకెగిరి, ఇంటి కప్పు పెంకునొకదాన్ని పగలగొట్టుకుని ఆకాశంలోకి పోయింది. చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన పాండురంగం తెల్లధోవతి మీద దూలాలనుంచి నల్లటి చుక్కలు టపటపా రాలాయి.

బతుకమ్మ పోయినట్టే అనుకున్నాడు రామలింగం.

"ఏమనుకోకు బావా... నీకు ఏడి కాఫీ ఇద్దామని..." అంటూ భుజంమీది తువ్వాలుతో ధోవతి తుడవబోయాడు.

పాండురంగం ఇంటి కప్పు చూశాడు, ధోవతి చూసుకున్నాడు. "పెండ్లిల సల్లగుండె గని, ఇయ్యాల జర ఎక్కువనే ఏడిగున్నది బావా," అని పీటమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

విజయలక్ష్మి పెరట్లో పొయ్యి వెలిగించి, చాయ్ కాచి గ్లాసు చేతికిచ్చింది. ఆయన ఊదుకుంటూ చివరి చుక్కదాకా తాగాడు.

"సెల్లె, నిజం జెప్తున్న. నేను పుట్టినకాన్నుంచి కాఫీ తాగలే. పెండ్లిల చాయ్ అడుగుదమంటె, మగపెండ్లోల్లమాయె, సిగ్గయింది. గిలాస ముందట పెట్టుకొని కూసున్న. సల్లారింది. సల్లగయిందన్న. గా మాటను మా ఇంటోళ్లు ఊరంత జేసిన్రు. ఇగ ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

గ్లాసు కింద పెట్టి, ఇంట్లోవాళ్లందరికీ వినబడేలా చెప్పాడు. "రేపు పొద్దుగాల బస్సుకు నిర్మలను తోలిస్త. తొమ్మిది దినాలు ఈన్నే ఆడుకోనియ్యిండ్రి."

వాకిట్లో నిలబడ్డ యాకయ్యకు ఇదేదీ పట్టలేదు. అతను ఇంటి కప్పువైపే చూస్తున్నాడు.

"ఫికర్ జెయ్యకు సేటూ, గా పొక్క గూడ మూస్త. ఊరికెనే."