ఇంజనీరు బల్ల మీద వడియాలు

1998 వేసవి. ఆ ఉదయం వెంకటకృష్ణారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సుబ్బరత్నం డాబా మీద ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాల మీద ఊరి పక్క థర్మల్ కేంద్రం బూడిద పడింది. వాటిని పళ్లెంలో పట్టుకెళ్లి ఇంజనీరు బల్ల మీద పెట్టాలి. "ఇదిగో మీ బూడిద" అనాలి. వచ్చేయాలి.

ఊరికి కరెంటు వచ్చిననాడు మొదటి స్తంభానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది ఇతని తండ్రి. థర్మల్ కేంద్రానికి భూములిమ్మని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించిందీ ఆయనే. అందుకే బూడిద సంగతి తానే తేలుస్తానని కొడుకు పాలకేంద్రం దగ్గర అందరి ముందూ చెప్పాడు. బూడిద గుట్టల మీద రోజూ నీళ్లు చల్లిస్తే చాలు, దుమ్ము లేవదు.

"మెత్తబడొద్దు రావుగారూ," అన్నాడు ఊరివాళ్లతో గేటు దాకా వచ్చిన లాజరు. "మా మనవరాలు రాత్రంతా దగ్గుతానే ఉంది."

"నేనా మెత్తబడేది?" అని వెంకటకృష్ణారావు లోపలికి నడిచాడు. ఊరివాళ్లు బయటే నిలబడ్డారు.

ఇంజనీరు లక్ష్మీకాంత్ లేచి రెండు చేతులా పళ్లెం అందుకున్నాడు. "ఇవన్నీ ఎందుకండీ. ఇంట్లో పెట్టినవేనా? మా అమ్మ పోయాక వడియాల మొహం చూడలేదండీ నేను." అతని కళ్లు తడయ్యాయి.

ఏడుస్తున్న మనిషితో బూడిద మాట ఎలా ఎత్తడం? వెంకటకృష్ణారావు గొంతు సవరించుకునేలోపే అటెండరు పళ్లెం క్యాంటీన్‌కు పట్టుకెళ్లి, వేయించుకొచ్చాడు.

"మిరియాలు దంచి వేశారా?" నములుతూ అడిగాడు ఇంజనీరు.

"ఏదో... మా ఇంటి పద్ధతండీ."

"మీరూ తీసుకోండి."

తీసుకున్నాడు. పళ్ల కింద ఇసుకలా తగిలింది. మింగాడు.

ఎంతకీ బయటికి రాకపోయేసరికి లాజరు నలుగురిని వెంటేసుకుని లోపలికొచ్చాడు. "వడియాలు చూశారు గదండీ. ఇకనైనా గుట్టల మీద నీళ్లు చల్లిస్తారా?"

"చూడ్డమేంటి, తిన్నాను. చాలా బాగున్నాయి."

"అయి బూడిద పడ్డయ్యండీ."

ఇంజనీరు నవ్వాడు. "బూడిద తెచ్చి ఎదుటిమనిషికి పెట్టేవారా ఈయన? మీరే చెప్పండి రావుగారూ. వీటిలో బూడిదుందా?"

ఉందంటే, తల్లిని తలుచుకున్నవాడికి బూడిద తినిపించినట్టు. లేదంటే, లాజరు చూస్తున్నాడు. వెంకటకృష్ణారావు ఖాళీ అయిన పళ్లెం వైపు చూశాడు.

"లేదండీ," అన్నాడు.

"మరి నీళ్లు చల్లించాల్సిన పనేముంది?" అన్నాడు ఇంజనీరు, మర్యాదగానే.

తిరుగుదారిలో ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. లాజరు మాత్రం రోడ్డు అవతలి పక్కకు మారి నడిచాడు.

వారం తిరక్కుండా పళ్లెం ఇంటికొచ్చింది. ఖాళీగా పంపకూడదని ఇంజనీరు అందులో సగ్గుబియ్యం పొట్లం పెట్టించాడు. ఇంకొన్ని వడియాలు పెట్టి పంపమని కబురు.

సుబ్బరత్నం డాబా మీద వడియాలు పెట్టి, పాత చీర తెచ్చింది. "దుమ్ము పడకుండా ఇది కప్పనా?"

వెంకటకృష్ణారావు తలెత్తలేదు.

"వద్దు. రుచి మారిందంటాడు."