సంతకానికి బదులు సన్మానం

ఆ శుక్రవారం ఉదయం చంద్రిక పెట్టుకున్న పని పట్టుమని గంటన్నర కూడా పట్టదు. పదింటికి కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకోవాలి. అశోక్‌నగర్‌లో సురేశ్ నడిపే నెట్ సెంటర్‌కు వెళ్ళి దాన్ని స్కాన్ చేయించి, ఢిల్లీ వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టాలి. తర్వాత మధ్యాహ్నం ప్రాక్టికల్స్‌కు వెళ్ళిపోవచ్చు. గడువు సాయంత్రం ఐదింటిదాకా ఉంది కాబట్టి తొందరేమీ లేదనుకుని, జడ కూడా నింపాదిగానే వేసుకుంది.

చంద్రిక చిక్కడపల్లిలోని జ్ఞానసుధ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. తండ్రి మాసయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా నగరంలో తాపీ పని చేస్తున్నాడు. దోమలగూడ బస్తీలో ఒక గది ఇల్లు. ఆ గదిలో కూర్చుని చదివే వీలు లేక, ఎనిమిది నెలల పాటు అశోక్‌నగర్ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షల వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని జాతీయ ఫెలోషిప్ పరీక్షకు చదివింది. అది వస్తే ఎమ్మెస్సీ నుంచి పరిశోధన పూర్తయ్యేదాకా ఐదేళ్ళ చదువు ఖర్చు వాళ్ళదే. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళే రాయాలి. అంటే మనిషికి ఒక్కసారే అవకాశం.

పరీక్ష గట్టెక్కింది. ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది: ‘అభినందనలు. మీరు తొలి జాబితాలో ఉన్నారు. కళాశాల అధిపతి సంతకంతో ధ్రువీకరణ పత్రం గడువులోగా అందితేనే తుది ఎంపికకు మీ పేరు పరిశీలిస్తాం.’

కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్‌ల సెక్షన్ చూసే బాలకిషన్ ఆ ఉత్తరంలో మొదటి మాట చదివాడు. రెండో మాట దాకా పోయే ఓపిక ఆయనకు ఉద్యోగంలో చేరిన ఏడాదే పోయింది.

“సార్! మన పిల్లకు నేషనల్ ఫెలోషిప్ వచ్చింది సార్!” అని అరుచుకుంటూ ప్రిన్సిపాల్ గదిలోకి దూరాడు. చంద్రిక వెనకాలే పరుగెత్తింది.

ప్రిన్సిపాల్ శ్రీరామమూర్తి ఆ వేళకు ఒక ఫారం ముందు పెట్టుకుని దిగాలుగా ఉన్నాడు. వచ్చే నెలలో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. ఆ ఫారంలో ‘విద్యార్థులు సాధించిన జాతీయ విజయాలు’ అన్న గడి మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. కిందటిసారి అందులో ‘ప్రయత్నాలు జరుగుతున్నవి’ అని రాసి చీవాట్లు తిన్నారు.

“శెభాష్ తల్లీ! నువ్వు మన కాలేజీ పేరు నిలబెట్టినవ్!” అంటూ ఆయన కుర్చీలోంచి లేచాడు.

“సార్, ఇంకా రాలేదు సార్. గిది ఫస్ట్ లిస్టే. ఈ కాగితం మీద జర సంతకం పెడితే...”

“సంతకమేందమ్మా, సన్మానమే చేస్తం! ఎంత అణకువ ఉన్నదో చూసినవా బాలకిషన్? వచ్చి కూడ రాలేదంటున్నది.”

“అణకువ కాదు సార్, ఐదు గంటలకు సైట్ బందయితది.”

“ఐదింటికి కదా? రెండింటికి ఫంక్షన్. స్టేజీ మీద, చైర్మన్ గారి సమక్షంల సంతకం పెడత. ఫొటో కూడ వస్తది. కమిటీ వాళ్ళకు అదే ప్రూఫ్.” కాగితం ఆయన సొరుగులోకి వెళ్ళింది. సొరుగుకు తాళం పడింది.

చంద్రిక ఇంకోసారి నోరు తెరవబోయింది. కానీ అంతలోనే బాలకిషన్ మాసయ్యకు ఫోన్ చేసేశాడు. “మీ బిడ్డకు ఢిల్లీ నుంచి ఇనాం వచ్చింది, జల్ది రాండ్రి” అన్నాడట. ముషీరాబాద్‌లో ఎవరింటికో గోడ కడుతున్న మాసయ్య తాపీ అక్కడే పడేసి, ఒంటి గంటకల్లా కాలేజీ గేటు ముందు ఉన్నాడు. మోచేతుల దాకా సిమెంటు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉంది. దారిలో పావుకిలో జిలేబీ కొన్నాడు. వాచ్‌మన్‌కు ఒకటి పెట్టి, “నా బిడ్డ” అని చెప్పి, ఇంకొకటి పెట్టాడు.

అది చూశాక ‘ఇంకా రాలేదు నాయినా’ అనడానికి చంద్రికకు నోరు రాలేదు. సంతకం ఎట్లాగూ పడుతుంది కదా, తర్వాత నిజంగానే వస్తుంది కదా అనుకుంది.

రెండింటి ఫంక్షన్ మూడున్నరకు మొదలైంది. హైదర్‌గూడ నుంచి రావలసిన కాలేజీ చైర్మన్ భోంచేసి కాసేపు నడుం వాల్చారట. వచ్చాక ఆయన తన చిన్నతనంలో చదువుకు పడ్డ కష్టాల గురించి ముప్పావు గంట మాట్లాడారు. కష్టాలు ఆరో తరగతి దాకా వచ్చేసరికి నాలుగు దాటింది. చంద్రిక శాలువా కింద చెమటలు కక్కుతూ గోడ గడియారాన్నే చూస్తోంది. ముందు వరుసలో కూర్చున్న స్నేహితురాలు శ్రీదివ్య చేత్తో ‘టైము, టైము’ అని సైగ చేస్తే, ప్రిన్సిపాల్ అది చప్పట్లు కొట్టమనడం అనుకుని తనే మొదలుపెట్టాడు. హాలంతా చప్పట్లు. ఉత్సాహం వచ్చి చైర్మన్ ఏడో తరగతి కూడా చెప్పారు.

మాసయ్యను స్టేజీ మీదికి పిలిచి మైకు ఇచ్చారు. ఆయన చేతులు వెనక్కి దాచుకుని, “నేను సదువుకోలే. గీ సార్లు నా బిడ్డను సదివించిండ్రు. గీళ్ళకు మొక్కుత” అని దిగిపోయాడు. ఆ మధ్యాహ్నం జరిగిన ఉపన్యాసాల్లో అదొక్కటే చిన్నది.

నాలుగుంబావు దాటాక మొదలైన ‘సంతకం ఘట్టం’ నాలుగున్నరకు పూర్తయింది. ఫొటోగ్రాఫర్ అడ్డొచ్చి, “సార్, పెన్ను కాగితం మీద పెట్టుండ్రి. రాయకుండ్రి, చెయ్యి కదిల్తది. ఇటు చూడుండ్రి, నవ్వుండ్రి” అన్నాడు. ప్రిన్సిపాల్ అలాగే పెట్టాడు, నవ్వాడు. ఇంకొకటి చైర్మన్‌తో. ఇంకొకటి మాసయ్యతో. ఆ తర్వాత కాగితాన్ని రిబ్బన్ కట్టిన ఫైలులో పెట్టి, చైర్మన్ చేతుల మీదుగా చంద్రికకు అందించారు.

ఆమె శాలువాతోనే పరుగెత్తింది. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరమని! కానీ శుక్రవారం సాయంత్రం ఆటో కన్నా కాళ్ళే నయం. రొప్పుతూ నెట్ సెంటర్‌లో పడేసరికి నాలుగు యాభై. సురేశ్ రిబ్బన్ విప్పి కాగితాన్ని స్కానర్ మీద పెట్టబోయి ఆగాడు.

“అక్కా, సంతకం ఏది?”

చంద్రిక కాగితం లాక్కుని చూసింది. ముద్ర ఉంది, తేదీ ఉంది. సంతకం ఉండవలసిన చోట తెల్లగా ఉంది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది. ఆయన చైర్మన్‌ను సాగనంపుతూ ఉండి ఎత్తలేదు. బాలకిషన్ ఎత్తి, “ఫొటోలు మస్తు వచ్చినయమ్మా!” అన్నాడు.

ఐదింటికి సైట్ మూసుకుపోయింది. చంద్రిక అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. సురేశ్ మంచినీళ్ళు ఇచ్చాడు. జిరాక్సుల కోసం వచ్చిన వాళ్ళు శాలువా చూసి, “కంగ్రాట్స్ అక్కా” అన్నారు.

ఇంట్లో మూడు రోజుల తర్వాత గాని చెప్పలేకపోయింది. అప్పటికి మాసయ్య బస్తీ అంతా తిరిగి చెప్పి వచ్చాడు. అంతా విని ఆయన అడిగాడు.

“ఆ సంతకం నేను పెడితే నడ్వకపోవునా బిడ్డా? నా పేరు నాకు రాయస్తది.”

చంద్రిక అప్పుడు ఏడ్చింది.

మరుసటి నెలలో ఆమె ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు తిరిగి వచ్చింది. ‘అభ్యర్థినికి జాతీయ ఫెలోషిప్ లభించినందున అర్హత లేదు.’ పక్కనే బాలకిషన్ సంతకం, స్పష్టంగా.

“నాకు రాలేదని నీకు తెల్సు కదా అన్నా!”

“నాకు తెలిస్తే ఏం ఫాయిదా? ఫైల్ల పేపర్ కటింగ్ ఉన్నది, చూడు. నీ ఫొటో, సార్ ఫొటో. ఒక్క మనిషికి రెండు స్కాలర్‌షిప్‌లు రూల్ ఒప్పుకోదు.”

“ఒక్కటి కూడ లేదన్నా!”

“అయితే రాలేదని ప్రిన్సిపాల్ సార్‌తోని రాయించుక రా. ఫీజు క్లియర్ గాకుంటే హాల్ టికెట్ ఇయ్యరు, మళ్ళ నన్ను అనొద్దు.”

శ్రీరామమూర్తి ఆమెను కూర్చోబెట్టి మెత్తగా మాట్లాడాడు. “చూడమ్మా, వచ్చిందని కమిటీకి రిపోర్టు పంపినం. ఇప్పుడు రాలేదని రాసిస్తే కాలేజీ ఇజ్జత్ ఏం గావాలె? పెద్ద మనసు చేసుకో.”

పరీక్షలకు పదిహేను రోజులున్నాయి. ఆమె నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ ఆయన మెత్తగానే మాట్లాడాడు. ఐదోసారి వెళ్ళే పని లేకుండా ఆయనే పిలిపించాడు. కమిటీ వచ్చి కూర్చుంది, రిపోర్టులో ఉన్న ఆ ఫెలోషిప్ అమ్మాయిని చూడాలంటోంది.

“రెండే మాటలు చెప్పమ్మా. వచ్చిందని, కాలేజీ ప్రోత్సాహమని. అంతే.”

“ముందు రాలేదని రాసియ్యుండ్రి సార్.”

“వాళ్ళు అక్కడ కూసున్నరమ్మా!”

“కూసోనియ్యుండ్రి సార్.”

ఆయన రాశాడు. చంద్రిక టేబుల్ మీదికి వంగి, సిరా కాగితానికి అంటుకునేదాకా చూసి, బొటనవేలితో రుద్ది మరీ తీసుకుంది. కాగితాన్ని శ్రీదివ్య చేతికిచ్చి బాలకిషన్ దగ్గరికి పంపి, ఆ తర్వాతే కమిటీ గదిలోకి వెళ్ళింది.

ముగ్గురు సభ్యులు, వాళ్ళ ముందు జీడిపప్పు, గోడ పక్కన ప్రిన్సిపాల్. మధ్యలో కూర్చున్న పెద్దావిడ అంబిక గారు కళ్ళజోడు సవరించుకుని అడిగారు. “ఫెలోషిప్ వల్ల నీ చదువుకు ఎలాంటి మేలు జరిగింది తల్లీ?”

చంద్రిక అంతా చెప్పింది. సొరుగు, తాళం, చైర్మన్ గారి ఏడో తరగతి, కదలని పెన్ను, వాళ్ళ నాయిన జిలేబీలు, వెనక్కి వచ్చిన ఫీజు దరఖాస్తు. “మేడం, రాని ఫెలోషిప్ వచ్చిందని రాసి, వచ్చే ఫీజు కూడ పోగొట్టిండ్రు. నా లెక్క ఇంకొకరికి చెయ్యకుండ్రని మీరన్న రాసిపెట్టుండ్రి” అంది. ప్రిన్సిపాల్ గోడకు ఇంకొంచెం ఆనుకున్నాడు. అంబిక గారు ఒక్క మాట కూడా వదలకుండా రాసుకున్నారు. చంద్రిక బయటికి వచ్చేసరికి ఆమె కాళ్ళు తేలికగా ఉన్నాయి.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్షలు రాసింది.

కమిటీ నివేదిక జూన్‌లో వచ్చింది. ఫెలోషిప్ గడిలో సున్నా వేశారు. ఆ కిందే ఇంకో గడిలో, ‘ఒక పేద కుటుంబపు విద్యార్థిని ప్రిన్సిపాల్ సమక్షంలోనే నిర్భయంగా ఫిర్యాదు చేయగలిగింది. ఇంతటి స్వేచ్ఛాయుత వాతావరణం మరెక్కడా మాకు కనిపించలేదు’ అని రాసి, పూర్తి మార్కులు వేశారు.

కాలేజీకి మొదటిసారిగా ‘ఎ’ గ్రేడు వచ్చింది. దానికి తగ్గట్టు ఫీజులు పెంచారు.